ఎకనామిక్స్ ప్రొఫెసర్లు ఏ పార్టీ?

ప్రశ్న: మాష్టారూ, ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీకి అమెరికా వెళ్లాలనుకుంటున్నాను. అక్కడి ప్రొఫెసర్లంతా కంపెనీల మనుషులని మా అన్నయ్య అంటాడు. యూనివర్సిటీ వాళ్లు కదా, అందరూ లెఫ్టేనని నా ఫ్రెండ్ అంటుంది. ఎవరి మాట నమ్మాలి?
– పేరు రాయవద్దన్న పాఠకురాలు

జవాబు: ఓట్ల లెక్క చూస్తే మీ ఫ్రెండే గెలుస్తుందమ్మా. కాకపోతే ఆ అమ్మాయి అనుకున్నంత మెజారిటీ రాదు. 2016లో అక్కడి 40 ప్రముఖ యూనివర్సిటీల్లో ఐదు శాఖల ప్రొఫెసర్ల ఓటరు నమోదు వివరాలు తీసి చూశారు. ఎకనామిక్స్‌లో ఒక్కో రిపబ్లికన్‌కు, లెఫ్ట్ వైపు మొగ్గే డెమొక్రాట్లు 4.5 మంది (ఆ అర మనిషి ఎవరని అడక్కండి). చరిత్ర శాఖలో 33.5 మంది! అందుకే బయటి వ్యాపారి కంటికి వీళ్లు లెఫ్ట్ మేధావులు, పక్క బిల్డింగ్‌లోని చరిత్ర ప్రొఫెసర్ కంటికి మార్కెట్ భక్తులు. మీ అన్నయ్య బహుశా ఆ పక్క బిల్డింగ్ వాళ్ల మాట విని ఉంటాడు.

నన్నడిగితే, వీళ్లలో పార్టీ పట్టింపు కన్నా ‘ఎకనామిక్స్ కులం’ కట్టుబాటు ఎక్కువ. ఏ పార్టీకి ఓటేసినా దిగుమతి సుంకాలంటే ముఖం చిట్లిస్తారు. 1930లో స్మూట్-హాలీ సుంకాల బిల్లును వీటో చేయమని 1,028 మంది ఆర్థికవేత్తలు సంతకాలు పెట్టి అధ్యక్షుడు హూవర్‌ని వేడుకున్నారు. ఆయన వినలేదనుకోండి. అద్దెల మీద ప్రభుత్వ నియంత్రణ అన్నా చాలామందిది ఇదే వరస.

కట్టుబాటు దాటితే ఏమవుతుందో ఆర్థికవేత్త డేవిడ్ కార్డ్‌ని అడగాలి. 1992 ఏప్రిల్‌లో న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. జీతం పెంచితే ఉద్యోగాలు పోతాయని ప్రతి పాఠ్యపుస్తకం చెప్పేది. కార్డ్, అలన్ క్రూగర్ ఆ పుస్తకాన్ని పక్కనబెట్టి అక్కడి ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్లకూ, వేతనం పెరగని పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాలోని రెస్టారెంట్లకూ ఫోన్లు చేసి, పెంపుకు ముందు ఎంతమంది పనిచేసేవారు, తర్వాత ఎంతమంది ఉన్నారు అని కనుక్కున్నారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గిన దాఖలా కనిపించలేదు. 1994లో ఆ పేపర్ అచ్చయింది.

ఇక చూడండి! అప్పటికే నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త జేమ్స్ బుకానన్ అంతటివాడు 1996లో పత్రికకెక్కాడు. నీళ్లు ఎత్తుకు పారతాయని ఏ భౌతిక శాస్త్రవేత్తా చెప్పడు, జీతం పెంచినా ఉద్యోగాలు పోవనడమూ అలాంటిదే అని ఆయన రాసినదాని సారాంశం. చివర్లో వాడిన బూతు మాట ఈ శీర్షికలో అచ్చువేయలేను. తనవల్ల ఎకనామిక్స్‌కే ద్రోహం జరిగిందన్నట్టు పాత స్నేహితులు ముఖం చాటేశారని కార్డ్ తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పుకున్నాడు. కనీస వేతనం జోలికి పోవడం మానేయడానికి అదీ ఒక కారణమట. ఆయన కనీస వేతనం పెంచమని ఉద్యమమేమీ చేయలేదు, లెక్క చెప్పాడంతే. 2021లో ఆయనకూ నోబెల్ వచ్చింది. క్రూగర్ అప్పటికే చనిపోయాడు.

ఇప్పుడు అంత మొండితనం లేదు. డేటా బలంగా ఉంటే వింటారు. కాకపోతే, ఆ డేటా మొదట ‘టాప్ ఫైవ్’ అనే ఐదు జర్నల్స్‌లో ఒకదాని గడప దాటాలి. పెద్ద యూనివర్సిటీల్లో ఉద్యోగం పర్మనెంట్ అవుతుందో లేదో చాలావరకు వాటి మీదే ఆధారపడుతుంది. నా దృష్టిలో అసలు రాజకీయం అక్కడుంది.

ప్రశ్న: సెమినార్లో నోరు తెరవగానే మీద పడతారట కదా? నాకు ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది.
– అదే పాఠకురాలు

జవాబు: పడతారమ్మా. ఇతర శాఖల్లో చివరిదాకా విని చప్పట్లు కొట్టి ఆపైన అడుగుతారు, ఇక్కడ టైటిల్ స్లైడ్ మీదే చేతులు లేస్తాయి. నేను మొదటిసారి మాట్లాడినప్పుడు ముందు వరసలో పెద్దాయన ఒకరు ‘ఐడెంటిఫికేషన్ ఏంటి?’ అని అడ్డుపడ్డారు. దీనివల్లే అది జరిగిందని నీకెలా తెలుసు అని ఆయన ప్రశ్న. గొంతు తడారిపోయి నేను నిలబడి ఉంటే, వెనక వరసలో ఇద్దరు నా తరఫున ఆయనతో వాదనకు దిగారు. నా స్లైడ్లు ఎటూ కదల్లేదు. సాయంత్రం భోజనాల దగ్గర ఆ పెద్దాయనే పక్కన కూర్చుని, ‘మంచి ప్రశ్న పట్టుకున్నావోయ్’ అన్నారు. అది ఆయన మెచ్చుకునే పద్ధతి అని తెలియడానికి నాకు చాన్నాళ్లు పట్టింది.

అందరికీ ఇది సరదా కాదు. మాట్లాడేది మహిళ అయితే ప్రశ్నలు ఇంకా ఎక్కువ పడుతున్నాయని 2021లో ఒక అధ్యయనం సెమినార్లు లెక్కబెట్టి మరీ చూపించింది. అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ 2018లో ప్రవర్తనా నియమావళి తెచ్చింది. మొదటి పది నిమిషాలూ ఎవరూ అడ్డుపడకూడదని కొన్ని శాఖలు నియమం పెట్టుకున్నాయి. మీరు చేరే చోట అది ఉందో లేదో అక్కడి సీనియర్లకు మెయిల్ రాసి కనుక్కోండి, మొహమాటపడొద్దు.

ప్రశ్న: అప్లికేషన్‌లో నా రాజకీయ అభిప్రాయాలు బయటపడితే నష్టమా?
– మరో పాఠకుడు

జవాబు: అడిగేవాళ్లే ఉండరు. రియల్ అనాలిసిస్‌లో మార్కులెన్ని, రికమెండేషన్ లెటర్లు ఎవరు రాశారు అని చూస్తారు. ముందు ఆ గణితం కోర్సు పూర్తి చేయండి నాయనా.