ఇబ్బంది ఊరితోనా, ఉద్యోగంతోనా?

ప్రశ్న: మాది తెనాలి. మా అబ్బాయికి ప్రభుత్వ బ్యాంకులో పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) ఉద్యోగం వచ్చింది. మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలిలో పోస్టింగ్. చేరి ఐదు నెలలైంది. ఆదివారం వస్తే ఫోన్‌లో ఏడుస్తున్నాడు, మానేస్తానంటున్నాడు. వచ్చేయమనాలా, ఓర్చుకోమనాలా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఒకటి చెప్పండి. నిద్ర, తిండి బాగా తగ్గాయా? బతకాలని లేదన్న మాట ఒక్కసారైనా అన్నాడా? అని ఉంటే ఈ లెక్కలేవీ వద్దు. వెంటనే వెళ్లి దగ్గరుండండి, సెలవు పెట్టించి డాక్టరుకు చూపించండి. 14416 టెలి మానస్, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ లైన్, తెలుగులోనూ మాట్లాడతారు.

అంత దూరం రాలేదంటే, సోమవారం ఎలా గడుస్తోందో అడగండి. బ్రాంచికి వెళ్లాక మనసు కాస్త కుదుటపడుతుంటే, అతన్ని బాధపెడుతున్నది ఉద్యోగం కాదు, సాయంత్రం తలుపు తీస్తే ఎవరూ లేని గది. అలాకాక ఆదివారం పొద్దున్నుంచే మర్నాటి టార్గెట్లు తలుచుకుని టెన్షన్ పడుతుంటే, గుంటూరులో వేసినా ఆ దిగులు తీరదు. అప్పుడు వేరే ఉద్యోగం వెతుక్కోవడమే మంచిది, అయితే అది చేతికొచ్చాకే మానాలి.

ఒంటరితనమే అయితే నేను ఉండమనే చెబుతాను. ఆఫీసర్ ఉద్యోగంలో బదిలీలు తప్పవు, జీవితమంతా సింగ్రౌలిలోనే ఉండడు. అక్కడి జనం మాట్లాడేది బఘేలీ, మనం బడిలో నేర్చుకున్న హిందీతో కౌంటర్లో నెగ్గుకురావడం మొదట్లో నిజంగా కష్టం. ఐదు నెలలు దానికి చాలవు. అదృష్టం ఏమిటంటే అది బొగ్గు గనులు, విద్యుత్ కేంద్రాల ఊరు. టౌన్‌షిప్‌లలో దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్లుంటారు. ఒంటరి గది వదిలి, తోటి ఉద్యోగులతో కలిసి ఇల్లు తీసుకోమనండి. అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదే.

మానేయాలనే తేలితే బాండ్ కాగితం, అంటే ఇన్నేళ్లలోపు మానేస్తే ఇంత కడతానని చేరేటప్పుడు రాసిచ్చింది, చదవండి. బాండ్లు కోర్టులో నిలబడవని స్నేహితులు చెబుతుంటారు. కానీ మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంక్ షరతు చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది.

పిరికివాడివని మాత్రం అనకండి. అంటే ఫోన్‌లో ఏడవడం మానేసి లోపలే కుమిలిపోతాడు. వీలైతే మీరో, మీ ఆయనో వెళ్లి ఓ వారం ఉండి రండి, మధ్యలో ఒక ఆదివారం వచ్చేలా చూసుకుని.