నలభై లక్షల పికప్, ఏడాదికి ఇరవై రోజులు

ప్రశ్న: నా వయసు 37. సరుకు ఓడల్లో సెకండ్ ఇంజినీరును. ఏడాదిలో సుమారు ఏడు నెలలు ఓడపై ఉంటాను. ఆ నెలల్లో నెలకు 5 లక్షలు వస్తాయి. ఇంటి దగ్గర ఉండే ఐదు నెలలూ జీతం ఉండదు. నా భార్య ప్రైవేటు బడిలో టీచరు, జీతం 28 వేలు. ఎనిమిదేళ్ల పాప ఉంది, అమ్మానాన్నలు మాతోనే ఉంటారు. మధురవాడ ఫ్లాటు మీద ఇంకా 42 లక్షల అప్పు ఉంది, కిస్తు 46 వేలు. ఇంటి ఖర్చు 90 వేలు, పెద్దవాళ్ల మందులకు 12 వేలు. ఎఫ్‌డీలు 18 లక్షలు, మ్యూచువల్ ఫండ్లు 11 లక్షలు, 50 లక్షల టర్మ్ పాలసీ ఉన్నాయి. క్రితంసారి ఓడ హ్యూస్టన్‌లో ఆగినప్పుడు అక్కడి స్నేహితుడు తన ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌లో బురద పొలాల్లో తిప్పాడు. అప్పటి నుంచి మనసంతా దాని మీదే ఉంది. సెలవులో నెలకు రెండుసార్లు అరకు, పాడేరు, లంబసింగి వైపు మట్టిదారుల్లో తిరగాలని కోరిక. ఎఫ్-150 తెప్పించుకోవచ్చా? కుదరకపోతే 40 లక్షల్లో టొయోటా హైలక్స్ తీసుకుంటాను. 10 లక్షలు ఎఫ్‌డీల నుంచి, 30 లక్షలు ఏడేళ్ల అప్పు. నేను ఓడపై ఉన్నప్పుడు పర్యాటకులకు అద్దెకిస్తే కిస్తు దానంతట అదే తీరుతుంది కదా?

జవాబు: మీ ఉత్తరంలోని చివరి వాక్యంతోనే మొదలుపెడతాను. అద్దెతో కిస్తు తీరదు. సొంతానికి రిజిస్టరు చేసిన తెల్ల నంబరు పలక బండిని అద్దెకు తిప్పడం చట్టవిరుద్ధం. మనమే నడుపుకునే అద్దె బండ్లకు నల్ల పలక మీద పసుపు అక్షరాలు, డ్రైవరుతో వచ్చే టాక్సీలకు పసుపు పలక మీద నల్ల అక్షరాలు ఉంటాయి. వాటి రిజిస్ట్రేషన్ వేరు, పర్మిట్ వేరు, బీమా వేరు. ఎవరో పర్యాటకుడు అనంతగిరి ఘాట్‌లో మీ బండిని రాయికి కొట్టాడనుకోండి, బీమా సంస్థ ముందుగా ఆరా తీసేది అద్దె గురించే. అప్పటికి మీరు నడిసముద్రంలో ఉంటారు. కాగితాలు పట్టుకుని తిరగాల్సింది మీ శ్రీమతి. అందుకని అద్దె ఆదాయం దగ్గర సున్నా వేసి ముందుకు వెళదాం.

ఎఫ్-150 విషయం రెండు ముక్కల్లో ముగిస్తాను. మన దేశానికి దిగుమతి చేసుకునే బండికి స్టీరింగు కుడివైపు ఉండాలి. మీరు హ్యూస్టన్‌లో ఎక్కినదానికి ఎడమవైపు ఉంటుంది. ఆస్ట్రేలియాలో దాన్ని కుడి స్టీరింగుకు మార్చి అమ్మినవి ఉన్నాయి కానీ, ఆ ధర మీద రవాణా, సుంకం, రిజిస్ట్రేషన్ పడ్డాక మీ ఫ్లాటు ధరతో పోటీపడుతుంది. పైగా ఫోర్డ్ మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించింది. అద్దం పగిలినా విడిభాగం సముద్రం దాటి రావాలి. సముద్రం దాటే పని ఇంట్లో మీరొక్కరు చేస్తే చాలు.

హైలక్స్ సంగతి వేరు. నిజానికి అది ఎఫ్-150 కోవలోది కాదు, మధ్యరకం పికప్. అమెరికాలో దాన్ని అమ్మరు, అక్కడ ఆ స్థానంలో టకోమా ఉంది. మన మార్కెట్లోకి 2022లో వచ్చింది. ఫార్చ్యూనర్, ఇన్నోవా క్రిస్టాలది, దీనిది ఒకే పునాది కాబట్టి విశాఖలో మరమ్మతుకు ఇబ్బంది పడరు. అలాంటిదే ఇంకో పికప్, ఇసుజు వి-క్రాస్ అయితే మన రాష్ట్రంలోనే, శ్రీసిటీలో తయారవుతుంది. రెండూ గట్టి బండ్లే. అయితే ఒకసారి టేపు పట్టుకుని కిందికి దిగి మీ పార్కింగ్ గడి కొలవండి. అపార్ట్‌మెంట్లలో గడి పొడవు సాధారణంగా ఐదు మీటర్లు ఉంటుంది. ఈ పికప్‌ల పొడవు 5.3 మీటర్లు. ఆ మిగిలిన అడుగు దారిలోకి పొడుచుకొస్తుంది, సంఘం సమావేశంలో ప్రతి నెలా మీ పేరే వినిపిస్తుంది. ఇంకొకటి, వీటికి వెనుక లారీలకు ఉన్నట్టే కమాను పట్టీలు ఉంటాయి. తొట్టిలో బరువు లేకపోతే వెనుక సీటులో కూర్చున్నవాళ్లు గోతిగోతికీ ఎగిరిపడతారు. మోకాళ్ల నొప్పుల అమ్మగారిని ఒకసారి షోరూంకు తీసుకెళ్లి ఎక్కించి, దించి చూడండి.

ఇక డబ్బు. 30 లక్షలకు 9% వడ్డీ, ఏడేళ్లు అనుకుంటే కిస్తు సుమారు 48,270 రూపాయలు. మొత్తం కట్టేది 40.5 లక్షలు, అందులో వడ్డీయే పదిన్నర లక్షలు. మీ ఏడాది సంపాదన 35 లక్షలను పన్నెండుతో భాగిస్తే నెలకు 2.9 లక్షలు. అందులో 48 వేలు పెద్ద భారం కాదనే మీరు అనుకుని ఉంటారు. బ్యాంకు కూడా అలాగే అనుకుని అప్పు ఇస్తుంది.

కానీ మీ జీతం ఏడాదికి ఐదు నెలలు ఓడ దిగుతుంది. కిస్తు దిగదు.

సెలవు నెలల లెక్క వేరుగా రాద్దాం. ఇంటి ఖర్చు, మందులు, ఫ్లాటు కిస్తు కలిపి 1.48 లక్షలు. పికప్ కిస్తుతో 1.96 లక్షలు. డీజిలు, బీమా, సర్వీసు, టైర్లకు నెలకు 15 వేలు వేస్తే 2.11 లక్షలు. మీ శ్రీమతి జీతం తీసేస్తే నెలకు 1.83 లక్షలు లోటు. ఐదు నెలలకు 9 లక్షలు దాటుతుంది. పది లక్షలు బండికి కట్టాక ఎఫ్‌డీల్లో మీకు మిగిలేది ఎనిమిది. అంటే అంతా సవ్యంగా జరిగిన సెలవులోనే ఫండ్లు అమ్మాల్సి వస్తుంది. మరి తర్వాతి ఓడ పిలుపు మూడు నెలలు ఆలస్యమైతే? 2020లో సిబ్బంది మార్పిడి ఆగిపోయి ఎంతమంది ఇళ్లలోనే ఉండిపోయారో నాకన్నా మీకే బాగా తెలుసు. ఎనిమిది నెలలకు లోటు 14.6 లక్షలు. పైగా ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడే గడిపేస్తే మీ ప్రవాస (ఎన్నారై) హోదా పోయి, ఓడ జీతం మీద పన్ను కూడా కట్టాల్సి వస్తుంది.

రోజు లెక్క కూడా చూడండి. ఐదేళ్లు వాడి అమ్ముతారనుకుందాం. బీమా లెక్కల్లో నాలుగేళ్లు దాటిన బండి విలువను 50% తగ్గిస్తారు. నేనూ అంతే తగ్గించాను, 20 లక్షలు. ఆ ఐదేళ్లలో కట్టే వడ్డీ 9.5 లక్షలు. బీమా, సర్వీసు, టైర్లకు ఏడాదికి లక్షన్నర చొప్పున 7.5 లక్షలు. మొత్తం 37 లక్షలు, ఏడాదికి 7.4 లక్షలు. ఐదు నెలల సెలవులో నెలకు రెండు ప్రయాణాలు, ఒక్కోటి రెండు రోజులు, అంటే 20 రోజులు. మట్టిదారిలో ఒక్కో రోజుకు 37 వేలు, డీజిలు కాకుండా. మిగతా రోజుల్లో కూరగాయలకు వాడుకుంటామంటారా? వాడుకోండి, కానీ దానికి 204 పీఎస్ శక్తి ఉన్న ఇంజను అక్కర్లేదు. మీరు లేని ఏడు నెలలూ బండి ఊరికే ఉండదు కూడా. బ్యాటరీ దిగిపోతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి, సముద్రపు గాలి అడుగుభాగాన్ని తింటుంది.

నాకూ ఈ పిచ్చి కొంత ఉంది కాబట్టి చెబుతున్నాను. ఒక వానాకాలం మిత్రుడి పెద్ద ఫోర్ బై ఫోర్‌లో (నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండి) చింతపల్లి దాటి ఒక కాఫీ తోట దారిలోకి వెళ్లాం. ఎర్రమట్టి తడిస్తే సబ్బు. ముందు చక్రాలు కాలువలోకి జారాయి, పొడవాటి బండి అడుగు గట్టు మీద కూర్చుంది. ఇంజను ఎంత గర్జించినా నాలుగు చక్రాలూ ఉన్నచోటే తిరిగాయి. రెండు గంటల తర్వాత పక్క ఊరి నుంచి ట్రాక్టరు వచ్చింది. ఆయన గొలుసు తగిలించే ముందు బండి చుట్టూ ఒకసారి నడిచి, ‘ఇంత పొడుగుది ఈ దారికి ఎందుకండీ’ అన్నాడు. మూడు వేలు తీసుకున్నాడు. సలహా మాత్రం ఉచితం.

ఆ సలహా సరైనదే. టెక్సస్ పొలాల్లో బండి తిరగడానికి బోలెడంత చోటుంది. మన ఏజెన్సీ దారులు ఇరుకు, మలుపులు ముడిపడి ఉంటాయి. నాలుగు మీటర్లలోపు ఉండే మారుతి జిమ్నీ, మహీంద్రా మూడు తలుపుల థార్ అక్కడ సుళువుగా తిరుగుతాయి. జిమ్నీ ముందుభాగం 36 డిగ్రీల వాలును తగలకుండా ఎక్కగలదు, హైలక్స్‌కు అది 29. అన్నట్టు, భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మీద నడపాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. అది రక్షిత భూవైజ్ఞానిక వారసత్వ స్థలం. రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా వెళ్లినా కేసవుతుంది.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను ఆపిన అంకె. ఏడాదికి 35 లక్షల సంపాదన, నెలకు 1.2 లక్షల నికర ఖర్చు. ఏటా 20 లక్షలు మిగలాలి. మొత్తం కూడబెట్టింది 29 లక్షలే. ఈ మధ్యే పదోన్నతి వచ్చి ఉంటే సరే. లేకపోతే ఒక సాయంత్రం మీ శ్రీమతితో కూర్చుని ఆ డబ్బు ఏ దారిన పోతోందో వెతకండి. వచ్చిన జీతం నిజంగా మిగిలితే, ఒక్క కాంట్రాక్టు కాలం ఓపిక పడితే చాలు, అప్పు లేకుండానే బండి వస్తుంది.

నేనైతే ఇలా చేస్తాను. ఎఫ్‌డీల్లోంచి 10 లక్షలు సెలవు నిధిగా విడిగా పెట్టి, బండి పేరు చెప్పి ముట్టుకోను. ఈ సెలవులో డ్రైవరుతో సహా టాక్సీ ఫోర్ బై ఫోర్ మాట్లాడుకుని నాలుగుసార్లు కొండలు తిరిగి వస్తాను. నాలుగోసారికీ సరదా అలాగే ఉంటే, తర్వాతి ఓడ నుంచి తిరిగి వచ్చాక మూడు నాలుగేళ్ల వయసున్న బండిని 15 లక్షల లోపు రొక్కానికి కొంటాను. మనసు పికప్ మీదే ఉంటే పాత వి-క్రాస్ వెతకండి. కొనేముందు లిఫ్టు మీద ఎక్కించి ఛాసిస్‌కు తుప్పు ఉందేమో చూడండి. డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలోని గేర్ల డబ్బా) ఆయిలు కొద్దిగా తీయించండి. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు వెళ్లినట్టే, బేరం ఆపేయండి. ఒకవేళ కొత్తదే కొంటే, పది లక్షలు దాటిన బండి మీద డీలరు అమ్మేటప్పుడే వసూలు చేసే 1% పన్నును (టీసీఎస్) రిటర్ను వేసి వాపసు తెచ్చుకోవచ్చు. చాలామంది నావికులు అది వదిలేస్తుంటారు.

బీమాలో థర్డ్ పార్టీ (మీ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికే వర్తించేది) ఒక్కదానితో సరిపెట్టకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడినప్పుడు చెట్ల కింద నలిగిన కార్లలో ఆ పాలసీ ఒక్కటే ఉన్నవాటికి పైసా రాలేదు. వాగు దాటేటప్పుడు ఇంజనులోకి నీళ్లు పోతే మామూలు పాలసీ ఇవ్వదు, దానికి ఇంజను రక్షణ అదనంగా తీసుకోవాలి. పందేలు, ర్యాలీల్లో దెబ్బతింటే అదీ పనిచేయదు.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. 42 లక్షల ఇంటి అప్పు, 30 లక్షల బండి అప్పు కలిపి 72 లక్షలు, మీ టర్మ్ పాలసీ 50. ఓడ కంపెనీ ఇచ్చే రక్షణను ఒప్పందం ముగిశాక లెక్కలో వేసుకోకండి. బండి కొన్నా కొనకపోయినా ఇంకో కోటిన్నర టర్మ్ పాలసీ అవసరం. దరఖాస్తులో వృత్తి దాచకుండా రాయండి. దానికి వైద్య పరీక్షలు ఒడ్డున ఉన్నప్పుడే చేయించుకోగలరు, కాబట్టి షోరూంకు ఫోను చేసే ముందు ఆ తేదీ ఖాయం చేసుకోండి.