బ్యాలెన్స్ కోసం అప్పు వద్దు, అమ్మగారి బీమా సంగతి చూడండి

ప్రశ్న: వచ్చే వేసవిలో నేను, నా భార్య, 68 ఏళ్ల మా అమ్మ నెల రోజులు యూరప్ వెళ్లాలనుకుంటున్నాం. జర్మనీలో తమ్ముడి దగ్గర 20 రోజులు, ఆ తర్వాత ఫ్రాన్స్, ఇటలీ. జీతం ఖాతాలో ఎప్పుడూ లక్షన్నరకు మించి ఉండదు. ఆరు లక్షల ఎఫ్‌డీ ఉంది గానీ అది అత్యవసర నిధి, కదపను. నాలుగు లక్షలు పర్సనల్ లోన్ తీసుకుని ఖాతాలో బ్యాలెన్స్ చూపించి, వీసా రాగానే కట్టేయమని ఏజెంటు అంటున్నారు. అమ్మకు షుగర్, బీపీ ఉన్నాయి. అవి రాస్తే ప్రీమియం పెరుగుతుందట, వీసాకు సరిపోయే చవక పాలసీ చాలట. ఏం చేయమంటారు?

జవాబు: ఏజెంటు మీకు రెండు సలహాలు ఇచ్చారు. మొదటిది మీ జేబుకు చిల్లు పెడుతుంది. రెండోది మీ ఇంటినే కుదిపేయగలదు. మీ ఉత్తరం నిండా మొదటిదాని గురించిన బెంగే ఉంది, రెండోదాన్ని చివర్లో ఒక్క వాక్యంతో దాటేశారు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తాయి. అన్నింటిలోనూ ఇదే వరుస. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు అప్పు సంగతి తేల్చేద్దాం. 14 శాతం వడ్డీ అనుకుంటే నాలుగు లక్షలకు నెలకు దాదాపు 4,700 రూపాయలు వడ్డీకే పోతాయి. ప్రాసెసింగ్ రుసుము, ముందే తీర్చేస్తే పడే చార్జీ అదనం. ఇంత కట్టి మీరు కొనుక్కునేది ఏమిటి? వీసా అధికారి ఖాతాలో చివరి అంకె ఒక్కటే చూడరు, కనీసం మూడు నెలల లావాదేవీలు చూస్తారు. లక్షన్నర దాటని ఖాతాలో ఉన్నట్టుండి నాలుగు లక్షలు పడితే అది ఎక్కడిదని ఎవరైనా అడుగుతారు. పైగా ఆ లోన్ ఇచ్చిన సంస్థ పేరు స్టేట్‌మెంటులోనే ఉంటుంది! వీసా తిరస్కరిస్తే పెద్దలకు తలా 90 యూరోల రుసుము తిరిగి రాదు. తిరస్కరణ వివరాలు షెంజెన్ దేశాలన్నీ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) చూడగలిగే ఉమ్మడి సమాచార వ్యవస్థలో ఐదేళ్ల వరకు ఉంటాయి. చూపించడానికి అప్పు చేయడమంటే అద్దె నగలతో పెళ్లిచూపులకు కూర్చోవడమే. నాకు ఇందులో తెలివి ఏ కోశానా కనిపించదు.

మీ ఎఫ్‌డీని కదపనక్కర్లేదు. దాని సర్టిఫికెట్, జీతం స్లిప్పులు, ఆదాయపు పన్ను రిటర్నులు జతచేయండి. నిజంగా ఉన్న సొమ్మును ఉన్నట్టుగా చూపించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అది చాలదనిపిస్తే తమ్ముడు ఉన్నారుగా. జర్మనీలో నివసించేవారు అక్కడి విదేశీయుల కార్యాలయానికి వెళ్లి, అతిథుల ఖర్చులు భరిస్తామని హామీపత్రం ఇవ్వవచ్చు. ఎక్కువ రోజులు ఉండేది జర్మనీలోనే కాబట్టి దరఖాస్తు కూడా ఆ దేశానికే చేయాలి.

అయితే తమ్ముడు ఆ పత్రం మీద సంతకం పెట్టే ముందు ఒకటి తెలుసుకోవాలి. అందులో తిండి, బస మాత్రమే కాదు, జబ్బు చేస్తే వైద్యం ఖర్చు కూడా ఉంటుంది. బీమా ఇవ్వని భాగాన్ని అక్కడి ప్రభుత్వ నిధుల నుంచి చెల్లించాల్సి వస్తే, ఆ సొమ్మును ఆయన దగ్గర వసూలు చేసే హక్కు వారికి ఉంది. అంటే చవక పాలసీతో మీరు రెండు మూడు వేలు మిగుల్చుకుంటే, ఆసుపత్రి బిల్లుకు తమ్ముడు పూచీ పడుతున్నారన్నమాట.

ఇక అసలు విషయం. షెంజెన్ వీసాకు 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అది కనీస మొత్తం. వీసా కౌంటరులో సరిపోతుంది, ఐసీయూలో సరిపోతుందని ఎవరూ చెప్పలేదు. నేనైతే 68 ఏళ్ల మనిషికి లక్ష డాలర్లకు తక్కువ తీసుకోను. బీమా మొత్తం కంటే ముఖ్యమైనది, షుగర్, బీపీ దాచకపోవడం. విదేశంలో ఆసుపత్రికి వెళ్లగానే డాక్టరు అడిగే మొదటి ప్రశ్న, రోజూ ఏ మందులు వాడుతున్నారని. అమ్మగారు నిజమే చెబుతారు, చెప్పాలి కూడా. పదేళ్లుగా షుగర్ ఉందని కేసు షీటులో రాస్తారు. క్లెయిముతో పాటు ఆ కాగితం బీమా కంపెనీకి వెళుతుంది. దరఖాస్తులో మీరు లేదని రాసిన జబ్బు డాక్టరు చేతిరాతలో ఉంటుంది. ఆ తర్వాత జరిగేది మీరే ఊహించుకోండి.

నిజం రాసినా పని పూర్తి కాదు. ముందునుంచి ఉన్న జబ్బులకు చాలా పాలసీలు ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రమే, అదీ ఒక పరిమితి వరకే చెల్లిస్తాయి. వయసు పెరిగినకొద్దీ గది అద్దెకు, శస్త్రచికిత్సకు విడివిడి పరిమితులు పెట్టేవి ఉన్నాయి. ప్రతి క్లెయిములో మొదటి కొంత మీరే భరించాలనే నిబంధనా ఉంటుంది. బ్రోషరు మీద పెద్ద అక్షరాలు చూసి సంతకం పెట్టకండి. పాలసీ పత్రంలో ఈ మూడూ ఎక్కడున్నాయో చూపించమని ఏజెంటునే అడగండి. ఆయన చూపించలేకపోతే ఇంకో ఏజెంటును వెతుక్కోండి. ఇక్కడి మీ ఆరోగ్య బీమా అక్కడ పనిచేస్తుందన్న భ్రమ కూడా వద్దు, చాలా పాలసీలు దేశం దాటితే వర్తించవు.

ఇంకొకటి. సరిగ్గా 30 రోజులకే పాలసీ తీసుకోవద్దు. అమ్మగారు చివరి వారంలో ఆసుపత్రిలో చేరారనుకోండి. అలాంటి కారణాలకు వీసా పొడిగించే వీలు నిబంధనల్లో ఉంది. బీమాను ఎవరు పొడిగిస్తారు? ఆసుపత్రిలో ఉండగా గడువు తీరితే ఏమవుతుందో ముందే చూసుకోండి. పైన వారం రోజులు కలిపి తీసుకోండి, ఆ తేడా పెద్దది కాదు.

ఎఫ్‌డీని తాకనన్నారు చూశారా, మీ ఉత్తరంలో నాకు నచ్చింది అదొక్కటే. క్లెయిము డబ్బు చేతికి వచ్చేలోపు ముందు కట్టాల్సినవి ఉంటాయి, అప్పుడు అక్కరకొచ్చేది అదే.

నగదు గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. 10,000 యూరోలు లేదా అంతకు మించితే ప్రవేశంలోనే ప్రకటించాలి. మీరు అంత పట్టుకెళ్లరు, కార్డు మేలు. తమ్ముడి కోసం అమ్మగారు నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చడి సర్దుతుంటే మాత్రం ఆపండి. బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికుల పాల, మాంసం పదార్థాలను యూరోపియన్ యూనియన్ అనుమతించదు. ఆమె మందులకు డాక్టరు చీటీ మాత్రం చేతిసంచిలోనే ఉండాలి.

దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు, 15 రోజుల లోపైతే తీసుకోరు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, కొన్నిసార్లు 45 రోజుల వరకు పడుతుంది. కాబట్టి తమ్ముడికి ఈ వారమే ఫోను చేయండి. ఒకవేళ ఈ జవాబు చదివేలోపే లోన్ ఖాతాలో పడిపోయి ఉంటే, ఒప్పందంలో రద్దు చేసుకునే గడువు ఎన్ని రోజులుందో ఈరోజే చూసి వెనక్కి పంపేయండి.