కొచ్చి పోయొచ్చిన బిడ్డ బీటెక్ వద్దంటోంది, ఏం చెయ్యాలె?

హన్మకొండ నుంచి ఒక తండ్రి రాసిన్రు. ఇంటర్ ఎంపీసీ చదివే బిడ్డ సంక్రాంతికి మేనమామతో పోయి కొచ్చి బినాలే (రెండేళ్లకోసారి పెట్టే పెద్ద కళా ప్రదర్శన) చూసొచ్చింది, అప్పట్నుంచి బీటెక్ వద్దు, ఇన్‌స్టలేషన్లు (వస్తువులతోని గది నిండా కట్టే కళ) చేస్తా అంటోందట. హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ యూనివర్సిటీ 'ఇమ్మర్సివ్ డిజైన్' (చూసేటోళ్ల చుట్టూ కమ్ముకునే షోలు తయారు చేసుడు) డిగ్రీకి ఏడాదికి నాలుగు లక్షలు అడుగుతోందట. అది మంచిదా, బీఎఫ్ఏనా (కళల డిగ్రీ), బీడెసా (డిజైన్ డిగ్రీ), పోల్చి చెప్పమంటున్నరు.

అన్నా, పోలిక తర్వాత. మీ ఉత్తరం చివర్ల "రేపు సుట్టాలు అడిగితే నా బిడ్డ ఏం చేస్తదని చెప్పాలె" అని రాసిన్రు చూడండి, అసలు రంధి అదే. కోర్సు పేరు మారుతది గానీ ఈ మాట మాత్రం నా దగ్గరికొచ్చే ప్రతి తండ్రి నోట్ల ఉంటది.

ఇంకోటి, బిడ్డ తెచ్చిన ఫోటోలల్ల ఒక్కదాంట్ల కూడా ఆమె మొఖం లేదు, అన్నీ తీగలు, కొక్కేలు, దూలాలే అని ఫిర్యాదు లెక్క రాసిన్రు. కోపం చేసుకోవద్దు గానీ, మీరు బిడ్డను చూస్తున్నరా లేక ర్యాంకును చూస్తున్నరా? అందరూ వస్తువు ముందు నిలబడి సెల్ఫీ దిగుతుంటే ఈ పిల్ల అది దేనికి వేలాడుతుందో చూసింది. నేను 2016ల ఆ బినాలేకు పోయినప్పుడు చిలీ కవి రౌల్ జురిటా, ప్రదర్శన జరిగే ఆస్పిన్‌వాల్ హౌస్‌ల ఒక పెద్ద పాత గోదాము నిండా సముద్రపు నీళ్లు నింపిండు, సిరియా నుంచి పారిపోతూ మునిగిపోయిన గాలిప్ కుర్దీ అనే పిల్లగాని కోసం. చెప్పులిడిసి, ప్యాంటు మడిచి ఆ నీళ్లల్ల నడవాలె. నాకు గొంతు పట్టేసింది నిజమే, కానీ బయటికొచ్చినంక ఇన్ని నెలలు ఈ నీళ్లు లీకు కాకుండ ఎవరు ఆపుతున్నరు, కరెంటు వైర్లు ఎటు నుంచి తీసిన్రు అని ఆలోచన పడ్డది. ఆ పనులు చేసేటోళ్లు కూడా కావాలె కదా, మీ బిడ్డ కన్ను అటు పోయింది.

ఇగ ఆ నాలుగు లక్షల డిగ్రీ. నాకైతే నమ్మకం లేదు. గోడల నిండా వాన్ గో బొమ్మలు ప్రొజెక్టర్‌తోని తిప్పే షోలు వచ్చినంక ఈ పేరు మోగిపోతున్నది, బ్రోచర్ల ఉన్న ఫోటోలు చాలావరకు విదేశీ మ్యూజియాలవే ఉంటయి, వాళ్ల పిల్లలు చేసినవి అడిగితే నసుగుతరు. మొదటేడు నేర్పిన సాఫ్ట్‌వేర్ చివరేడుకు పాతదైతది. పోయి చూడండి, వెల్డింగ్ మిషన్ ఉన్నదా, కట్టె కోసే వర్క్‌షాప్ ఉన్నదా, లేక ఏసీ ల్యాబ్, బీన్ బ్యాగులేనా. నా మాట తప్పు కావచ్చు, ఒకటి రెండు మంచి కాలేజీలు ఉండొచ్చు, అయినా అప్పు తెచ్చి మాత్రం కట్టకండి.

పోలిక అంటే, చేతితో చేసుడు ఇష్టమైతే హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌ల ఉన్న ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్‌ఏఎఫ్‌ఏయూల శిల్పం బీఎఫ్ఏ, తర్వాత బరోడా ఎంఎస్ యూనివర్సిటీ. కరీంనగర్ దిక్కు బూరుగుపల్లిల పుట్టిన చిత్రకారుడు తోట వైకుంఠం గారు గూడ హైదరాబాద్‌ల చదివి బరోడాకే పోయిన్రు. స్థలాన్ని ప్లాన్ చేసుడు ఇష్టమైతే బీడెస్, అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ)ల ఎగ్జిబిషన్ డిజైన్ అని వేరేగనే ఉంది, ఐఐటీ హైదరాబాద్‌ల కూడా బీడెస్ ఉంది. రెండిట్ల ఏదైనా మొదటి మూడు నాలుగేళ్ల సంపాదన చూసి మీకు బాధైతది, ముందే చెప్తున్న. కానీ మ్యూజియాలు, సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్లు, షోరూములు, స్టాళ్లు, పని తెలిసినోళ్లకు తిండికి లోటుండదు, భయపడకండి. సుట్టాలు అడిగితే డిజైనర్ అనండి, సరిపోతది.

ఈ ఆదివారం బిడ్డను జనగామ దాటినంక పెంబర్తి తీస్కపొండి. ఇత్తడి రేకు మీద సుత్తి పడుతుంటే ఆమె ఫోను ఎటు తిప్పుతదో పక్కన నిలబడి చూడండి. శనివారం నా ఆఫీసుకు ఆమెను ఒక్కదాన్నే లోపలికి పంపండి, మీరు బయట చాయ్ తాగుతుండండి.