స్పేస్ గేముల్లో నిజంగా అంతరిక్షంలో తిరిగినట్టు ఉండేది ఏది?

నో మ్యాన్స్ స్కై, స్టార్‌ఫీల్డ్, ఎలైట్ డేంజరస్‌లలో ఏది కొనాలి, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్‌లో ఏది నడుస్తుంది అని అడిగారు కదా. మూడూ బాగానే ఆడాను కాబట్టి నాకు అనిపించింది చెప్తాను.

ముందు గ్రహాల లెక్క పక్కన పెట్టేయండి. నో మ్యాన్స్ స్కైలో 18 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని గ్రహాలున్నాయి, స్టార్‌ఫీల్డ్‌లో వెయ్యికి పైగా, కానీ ఆ అంకెలు చూసి ఎవరికీ ఒళ్లు జలదరించదు. దూరం తెలియాలి. అక్కడిదాకా నేనే నడుపుకుంటూ వెళ్లానా, మెనూలో నొక్కితే గేమే తీసుకెళ్లి దించేసిందా అన్నదాంట్లోనే ఉంది అంతా.

2023లో వచ్చిన స్టార్‌ఫీల్డ్ నాకు అక్కడే నచ్చలేదు. షిప్‌ని ముక్కముక్కగా మనకి కావలసినట్టు కట్టుకోవచ్చు, లోపల నడవచ్చు, మనుషులతో మాటలు, క్వెస్టులు (కథలో మనకి అప్పజెప్పే పనులు) అన్నీ బాగుంటాయి. అంత ఇష్టంగా కట్టుకున్న షిప్‌ని గ్రహం మీదకి మన చేత్తో దింపే వీలు లేదు, మ్యాప్ తెరవడం, నొక్కడం, లోడింగ్ చూడటం, అంతే. కథ కోసమైతే కొనండి, ప్రయాణం కోసం వద్దు.

ఎలైట్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. 2014 గేమ్, మన పాలపుంతనే అసలు కొలతలతో పెట్టారు, దాదాపు 40 వేల కోట్ల నక్షత్ర వ్యవస్థలు. ఒక జంప్ (ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి దూకడం) పూర్తయ్యేసరికి ఎదురుగా స్క్రీన్ నిండా నక్షత్రం ఉంటుంది, ఇంధనం కావాలంటే దాని అంచు వెంబడే పోతూ స్కూప్ చేసుకోవాలి, అంటే దాని వాయువుని ట్యాంకులోకి లాక్కోవాలి, మరీ దగ్గరికెళితే హీట్ అంకె ఎక్కుతూ పోయి కాక్‌పిట్‌లో వార్నింగులు మొదలవుతాయి. పైగా అన్ని నక్షత్రాలూ ఇంధనం ఇవ్వవు, వైట్ డ్వార్ఫ్, బ్రౌన్ డ్వార్ఫ్ అనే రకాలు పనికిరావు, అందుకని ట్యాంకు సగమైనప్పటి నుంచే ముందు జంపుల్లో ఏ రకం నక్షత్రాలున్నాయో చూసుకుంటూ ఉంటాం. ఆ టెన్షన్ నాకు ఇంకే గేమ్‌లోనూ దొరకలేదు. ఆల్ఫా సెంటారీలో హట్టన్ ఆర్బిటల్ అనే స్టేషన్ ఉంది, మనం జంప్ చేసి చేరిన నక్షత్రం నుంచి 0.22 కాంతి సంవత్సరాల దూరం, గంటకు పైగా నేరుగా పోతూనే ఉండాలి. మధ్యలో ఏమీ ఉండదు. అది బోర్ అనేవాళ్లున్నారు, నాకైతే విశ్వం ఎంత పెద్దదో ఒంటికి తెలిసింది ఆ గంటలోనే. ఒక్కటే ఇబ్బంది, ఒంటరిగా ఆడినా నెట్ ఉండాల్సిందే. కూకట్‌పల్లిలో మా వీధిలో గాలివాన వస్తే ముందు పోయేది నెట్టే, ఆ రోజు ఇక ఎలైట్ లేనట్టే.

అలాంటి రాత్రుళ్లు నో మ్యాన్స్ స్కై పెడతాను, నెట్ లేకపోయినా ఆడుకోవచ్చు. 2016లో వచ్చినప్పుడు చెప్పినవి చాలా లేవని జనం మండిపడ్డారు, ఆ కోపం న్యాయమైనదే. కానీ దాన్ని చేసిన హలో గేమ్స్ వాళ్లు వదిలేయలేదు, ఏళ్ల తరబడి ఉచితంగా అప్‌డేట్లు ఇస్తూనే వచ్చారు, 2018 నెక్స్ట్ అప్‌డేట్‌తో మల్టీప్లేయర్ కూడా సరిగ్గా వచ్చింది. నేల మీద నుంచి లేచి, మబ్బులు దాటి, నల్లటి ఆకాశంలోకి వెళ్లేదాకా ఎక్కడా లోడింగ్ స్క్రీన్ రాదు. మా అన్నయ్య కొడుకుని బిర్లా ప్లానెటేరియానికి తీసుకెళ్లొచ్చిన సాయంత్రం ఇది ఆడుతుంటే పక్కన కూర్చుని, "బాబాయ్, ఆ వలయాలున్న దాని దగ్గరికి పోదాం" అన్నాడు. పోయాం. దిగేసరికి తుఫాను, సూట్‌కి రక్షణ తగ్గకుండా సోడియం పెట్టుకుంటూ గుహలో దూరాల్సి వచ్చింది, వాడు కుర్చీ దిగలేదు. కొన్ని వారాలకి గ్రహాలన్నీ ఒకేలా అనిపించే మాట నిజమే, అయినా మొదట కొనాల్సింది ఇదే అంటాను.

మీరు అడగలేదు గానీ 2019 నాటి ఔటర్ వైల్డ్స్ కూడా చూడండి. అందులో ఉన్నది ఒక్క చిన్న సౌరకుటుంబం, గ్రహాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, కానీ ప్రతిదీ కంప్యూటర్ తనంతట పుట్టించింది కాకుండా మనుషులు కూర్చుని చేసింది, ప్రతిదానికీ ఒక రహస్యం ఉంది. 22 నిమిషాలకోసారి మళ్లీ మొదటికి వస్తుంది. ఇంతకంటే చెప్పను, యూట్యూబ్‌లో కూడా చూడకండి.

ఇక 1650 సంగతి. స్టార్‌ఫీల్డ్‌కి కనీసం 1070 టీఐ కార్డు అడుగుతున్నారు, 125 జీబీ ఖాళీ ఉన్న ఎస్‌ఎస్‌డీ కూడా కావాలి, కాబట్టి మీ ల్యాప్‌టాప్‌లో దాన్ని మర్చిపోండి. ఔటర్ వైల్డ్స్ హాయిగా నడుస్తుంది, నో మ్యాన్స్ స్కై సెట్టింగ్స్ తగ్గించుకుంటే నడుస్తుంది. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో కొంటే రెండు గంటల లోపు ఆట, కొన్న 14 రోజుల లోపు అయితే రీఫండ్ అడగొచ్చు, ముందు వేసి చూసుకోండి.