బ్యాంకు నోటీసుకు కుటుంబ ప్లీడరు సరిపోతారా?

ఇరవై ఏళ్లుగా మీ ఆస్తి వ్యవహారాలు చూస్తున్న ప్లీడరు గారు ఉండగా, బ్యాంకు డిమాండు నోటీసు కోసం విశాఖలో వేరే న్యాయవాదిని వెతకాలా అని మీరు అడిగారు. మా ఇంట్లోనూ ఇదే ప్రశ్న తలెత్తింది. మేము అక్కర్లేదనుకుని నెల రోజులు పోగొట్టుకున్నాము.

మా మేనమామ వ్యాపార రుణానికి నాన్నగారు హామీదారుగా సంతకం చేసి, మర్రిపాలెంలోని ఇంటిని తాకట్టు పెట్టారు. వాయిదాలు ఆగిపోయాక, తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకుని బాకీ రాబట్టుకునే వీలు బ్యాంకులకు ఇచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల గడువుతో డిమాండు నోటీసు వచ్చింది, గడువు దాటాక గోడ మీద స్వాధీన నోటీసు అంటించారు. భూమి పంపకాల దావాలో మమ్మల్ని గట్టెక్కించిన ప్లీడరు గారి దగ్గరకే పరుగెత్తాము. ఆయన నిజాయితీపరులు, సివిలు పనిలో దిట్ట. అలవాటైన దారిలోనే, బ్యాంకును ఆపమని సివిలు కోర్టులో ఇంజంక్షను దావా వేశారు. అయితే ఆ చట్టంలోని 34వ సెక్షను ఇలాంటి వివాదాలను సివిలు కోర్టు పరిధి నుంచి తప్పించినందున, దావా నంబరు కూడా పడకుండానే తిరిగి వచ్చింది.

అప్పుడు ఇక్కడి రుణ వసూలు ట్రైబ్యునల్‌లో, అంటే డీఆర్టీలో, పనిచేసే న్యాయవాదిని కలిశాము. మా కథ వినకముందే ఆవిడ అడిగింది ఒక్కటే: "స్వాధీన నోటీసు ఏ తేదీన అంటించారు?" 17వ సెక్షను కింద ట్రైబ్యునల్‌కు వెళ్లడానికి 45 రోజులే గడువు. లెక్క వేస్తే 31 రోజులు గడిచిపోయాయి. హామీదారుకు విడిగా నోటీసు అందిందా, స్వాధీన ప్రకటన ఏడు రోజుల్లోపు రెండు పత్రికల్లో, అందులో ఒకటి స్థానిక భాషలో, వచ్చిందా అని ఆవిడ ఒక్కో కాగితం తిరగేసి చూశారు. డిమాండు నోటీసుకు మేము అభ్యంతరం రాసి ఉంటే బ్యాంకు 15 రోజుల్లోగా కారణాలతో జవాబు ఇవ్వవలసి ఉండేదని అప్పుడే తెలిసింది. మేము ఒక్క ముక్క కూడా రాయలేదు. నా దృష్టిలో మాకు జరిగిన అసలు నష్టం అదే.

ఇల్లు పూర్తిగా విడిపిస్తానని ఆవిడ మాట ఇవ్వలేదు. "నోటీసులో లోపాలున్నాయి, కానీ అప్పు నిజమే కదండీ" అన్నారు. ఓడితే అప్పీలు కోల్‌కతాలోని అప్పీలు ట్రైబ్యునల్‌కు వెళ్తుందని, దానికి సగం బాకీ, ఆ ట్రైబ్యునల్ తగ్గిస్తే కనీసం నాలుగో వంతు, ముందే కట్టాలని మొదటి రోజే చెప్పారు. కొంత సొమ్ము కట్టాలనే షరతుతో స్టే వచ్చింది. ఆ వ్యవధిలో మామయ్య స్థలం అమ్మి బ్యాంకుతో రాజీ కుదుర్చుకున్నాము.

ఇలాంటి వారిని బోర్డు చూసి గుర్తించలేరు. ఫలానా రకం పనిలో ప్రత్యేకత ఉందని న్యాయవాది బోర్డు మీద రాసుకోకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలే చెబుతున్నాయి. అందుకని డీఆర్టీ కాజ్ లిస్టులో, అంటే రోజువారీ విచారణకు వచ్చే కేసుల జాబితాలో, ఏ పేర్లు తరచూ కనిపిస్తున్నాయో చూడండి, ఒక పూట వెళ్లి విచారణ జరిగే హాలులో కూర్చోండి.

కేసు ఏ గడప ఎక్కాలో తెలియడమే ఈ పనిలో సగం. గడప మారితే పద్ధతీ మారుతుంది. కుటుంబ న్యాయస్థానంలోనైతే న్యాయవాది ద్వారా వాదించుకోవడం హక్కుగా రాదు, కోర్టు అనుమతించాలి. ఓడరేవు ఉన్న ఊరు కాబట్టి ఓడల సంగతీ చెప్పాలి. గోవాలో సరుకు ఎక్కించుకుని వెళ్లిన ఎం.వి. ఎలిజబెత్ అనే విదేశీ ఓడను 1984లో విశాఖ రేవులోనే నిర్బంధించారు. ఆ అధికారం హైకోర్టుకు ఉందని సుప్రీంకోర్టు 1992లో తేల్చింది. ఇప్పుడు ఓడల వివాదాలకు 2017 నాటి అడ్మిరాల్టీ చట్టం ఉంది, అయినా ఉత్తర్వు తేవలసింది హైకోర్టు నుంచే. సరుకు దించిన ఓడ ఎవరి కోసమూ ఆగదు గనుక, ఓడల కేసులు చూసే న్యాయవాదులకు గడువు రోజుల్లో కాదు, గంటల్లో ఉంటుంది.

పాత ప్లీడరు గారు నొచ్చుకుంటారని మొహమాటపడకండి. మా ప్లీడరు గారు వేరే న్యాయవాదిని పెట్టుకోవడానికి అభ్యంతరం లేదని స్వయంగా నో అబ్జెక్షన్ రాసి, ఫైలు చేతికిచ్చారు. ఫీజు బాకీ ఉందని కక్షిదారు కాగితాలు పట్టి ఉంచే హక్కు న్యాయవాదికి లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. మీకు ఇంకా డిమాండు నోటీసు దశే కాబట్టి, నోటీసు అందిన తేదీ రాసుకుని, రాతపూర్వక అభ్యంతరం ఈ వారంలోనే పంపించండి.