చికాగో చలిలో ఎయిరేటర్ ఆడుతున్నా కోయి చేపలు ఎందుకు చచ్చాయంటే

మీ ఎయిర్ స్టోన్ (ఎయిరేటర్ పంపే గాలిని బుడగలుగా వదిలే రాయి) కొలను అట్టడుగున ఉంది, చాలావరకు కారణం అదే. పైన మంచు కట్టినా కింద నీళ్లు 4 డిగ్రీల దాకా ఉంటాయి, చేపలు అక్కడే కదలకుండా గడుపుతాయి. కిందినుంచి బుడగలు లేస్తే పైనున్న చల్లనీళ్లు చేపలమీదికి దిగుతాయి.

1. స్టోన్‌ని పైకి లాగి, నీటిమట్టానికి 30 సెంటీమీటర్ల లోపల, ఓ పక్కగా వేలాడదీయండి. అందరూ మరిచేది ఇదే. అక్కడ మంచులో పళ్లెమంత కంత మిగిలితే చాలు, కుళ్లు వాయువులు పోతాయి.

2. రాలిన ఆకులు కుళ్లకముందే, ఇప్పుడే వలతో తీసేయండి.

3. నీళ్లు 10 డిగ్రీల కిందికొస్తే మేత బంద్. అడిగినట్టు పైకొచ్చినా వేయకండి, అరగదు.

4. కంత మూసుకుపోతే సుత్తి వద్దు, ఆ అదురుకే చేపలు దెబ్బతింటాయి. మంచుమీద వేడినీళ్ల గిన్నె పెట్టండి.